ముందు వదలాల్సిన అయిదడుగులు

గోదావరిఖని,
9 జూన్ 2025.

చిరంజీవి అనుపమకు పెదనాన్న ఆశీస్సులు.

విషయం: అమీర్‌పేట ఇంటి మీద రెండు గదులు కట్టుట గురించి.
సూచిక: నిరుడు దసరాకు మీ వాకిట్లో నిలబడి నేను నోటితో చెప్పిన మాట.

పై విషయానికి సంబంధించి తెలియజేయునది ఏమనగా, వచ్చే మార్చి నెలాఖరుకు నేను రిటైరవుతున్నాను. ముప్పై నాలుగేళ్లు గని టైమాఫీసులో కూర్చుని, ఎవరు ఎప్పుడు కిందికి దిగారో, ఎప్పుడు పైకి వచ్చారో రాసినవాణ్ణి. ఇప్పుడు నేను క్వార్టరు ఎప్పుడు ఖాళీ చేయాలో ఇంకెవరో రాస్తారు. మన ఇంట్లో కింద నా సగంలో ఉన్నది ఇరుకు గది ఒక్కటే, అందుకని దాని మీద రెండు గదులు వేసుకుని అక్కడికి వచ్చేద్దామని నిర్ణయించాను.

నువ్వు బీఏ చదువుతున్నావు. పెద్ద పెద్ద మాటలు నేర్చావని మీ అమ్మ చెప్పింది. వాటిని ఇంట్లో వృథా చేయకుండా మున్సిపల్ అనుమతి సంగతి కనుక్కో. నాకు తెలిసినంతవరకు కనుక్కునేది పెద్దగా లేదు. డెబ్బై అయిదు గజాల లోపు స్థలమైతే అనుమతి అక్కర్లేదట, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలట. మన ఇల్లు నూట నలభై ఎనిమిది గజాలు. నా సగం డెబ్బై నాలుగు. ఆ రూపాయి నేనే ఇస్తాను, భయపడకు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో అన్న మాట తెల్లారేసరికి ఎవరిదీ కాదు. ఉత్తరం రాయి. నువ్వు రాసిందీ నేను రాసిందీ ప్రతి కాగితం ఒక జిరాక్సు తీసి ఫైల్లో పెట్టు. ఇంట్లోనే మెషిన్ పెట్టుకుని జిరాక్సుకు బద్ధకిస్తే లోకం నవ్వుతుంది.

మీ అమ్మను ఈ గొడవల్లోకి లాగకు. ఆమెకు కొట్టు పనే సరిపోతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న,
రాఘవేందర్.

---

అమీర్‌పేట,
17 జూన్ 2025.

టైమాఫీసు పెదనాన్న గారికి అనుపమ నమస్కారాలు.

మీ రూపాయి మీ దగ్గరే ఉంచుకోండి. అవసరం పడేట్టు లేదు.

నిన్న కాలేజీ అయ్యాక పంజాగుట్ట వెళ్లాను. మెట్రో స్తంభాల పక్క గల్లీలో, మొబైల్ కవర్లు అమ్మే కొట్టు పైన, ప్రమోద్ గారని లైసెన్సు ఉన్న ఇంజనీరు కూర్చుంటారు. ప్లాన్లు గీసి మున్సిపల్ పోర్టల్‌లో పెడతారు. తాతయ్య కొన్న దస్తావేజు, 1986లో మంజూరైన పాత ప్లాను పట్టుకెళ్లాను. ఆయన రెండూ చూసి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"చూడమ్మా, దీంట్ల నూట నలభై ఎనిమిది గజాలు ఒక్కటే ముక్క. మీ పెదనాన్న సగం ఏడున్నది?"

"వాకిట్ల గీత ఉన్నది సార్. సున్నంతోని గీసిన్రు."

"సున్నంతోనా? మరి వాన పడితే మీ వాటాలు కలిసిపోతయా?"

"లేదు సార్. ఏటా వానలు తగ్గినంక పెదనాన్న ఒచ్చి మళ్ల పూసిపోతడు."

పక్క టేబుల్ దగ్గరున్న ఇద్దరు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. 2007లో మీరూ నాన్నా ఇల్లు పంచుకున్నప్పుడు కాగితం రాసుకోలేదట కదా. ఏ మాటకైనా ఉత్తరం అడిగే మనిషి ఇంటిని మాత్రం బకెట్టు సున్నంతో పంచడం చూసి నేను మురిసిపోయాను. మున్సిపల్ ఆఫీసు మురిసిపోదట. వాళ్ల లెక్కలో ఇది ఒకే స్థలం. యజమానులు ఇద్దరు: మీరు, నాన్న పోయారు కాబట్టి అమ్మ. ఇద్దరూ సంతకం పెడితేనే దరఖాస్తు కదులుతుంది. పోనీ ఇప్పుడు పంచుకుంటే ఆ రూపాయి దారి దొరుకుతుందా అని అడిగాను. పెద్ద స్థలంలోంచి కోసిన ముక్కకు ఇస్తారో లేదో హామీ ఇవ్వలేనన్నాడు.

అసలు సంగతి ఇంకా ఉంది. మన గల్లీలో ఇంటి ముందు ఒకటిన్నర మీటరు, అంటే అయిదడుగులు, ఏమీ కట్టకుండా వదలాలి. దాన్ని సెట్‌బ్యాక్ అంటారు. మాట బాగుంది, నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాతే గుర్తొచ్చింది, ఆ అయిదడుగుల్లో ఏముందో. అమ్మ జిరాక్సు కొట్టు. నాన్న ఆ ముందు గది వేసినప్పుడు అనుమతి తీసుకోలేదు. పాత ప్లానులో అది లేదు. మీరు పైన కట్టడానికి దరఖాస్తు పెడితే వాళ్లు కిందిది కూడా చూస్తారు.

నా ఫీజూ మా బియ్యమూ ఆ గదిలోంచే వస్తాయి. కోచింగు పిల్లలు తెచ్చే నోట్సు జిరాక్సు తీసీ తీసీ, ఏ కోర్సుకు గిరాకీ పడిపోతోందో అమీర్‌పేటలో అమ్మకే ముందు తెలుస్తుంది. అందుకని చెబుతున్నాను. కొట్టు పోయే పని ఏదీ నేను చేయను.

ఇట్లు,
రెండు జిరాక్సులు తీయించిన,
అనుపమ.

---

గోదావరిఖని,
24 జూన్ 2025.

చిరంజీవి అనుపమకు,

విషయం: లేని సమస్యను సృష్టించుట గురించి.
సూచిక: నీ 17వ తేదీ ఉత్తరం, నాలుగు పేజీలు.

నీ ఉత్తరం అందింది. భాష బాగుంది. విషయమే లేదు.

అన్నదమ్ములు పంచుకున్నప్పుడు కాగితమేమిటి? నేను గీసిన గీతను పద్దెనిమిదేళ్లలో మీ అమ్మ గానీ నేను గానీ దాటలేదు. దస్తావేజులు రాసుకున్నవాళ్లు కోర్టుల చుట్టూ తిరగడం నేను చూశాను. పంజాగుట్టలో మెట్లెక్కి కూర్చున్న మనిషికి అది అర్థం కాదు.

ఇక కొట్టు సంగతి. ప్లాను అనేది బొమ్మ. బొమ్మలో కొట్టు గీయకపోతే కొట్టు లేనట్టే. ఆ ముందు గది తుడిచేసి, ఖాళీ స్థలం అని రాయమను. కావాలంటే ఒక పూలకుండీ గీయమను. ఎవరొచ్చి చూస్తారు? కొట్టు కొట్టులాగే ఉంటుంది, నా గదులు నాకుంటాయి. ఇంత చిన్న ఉపాయం బీఏలో చెప్పరా?

ముందు దరఖాస్తు పడనీ. మా ఆఫీసులో కాగితానికి ఇన్‌వర్డ్ నంబరు పడిందంటే పని అయినట్టే. నంబరు వేశాక వెనక్కి పంపడం అంత పని ఎవరూ పెట్టుకోరు. నాకు నంబరు కావాలి.

ఇట్లు,
రాఘవేందర్.

---

అమీర్‌పేట,
3 జూలై 2025.

బొమ్మల నిపుణులైన పెదనాన్న గారికి,

మీ ఉపాయం ప్రమోద్ గారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. మనలాంటి ఇళ్లకు ఇప్పుడు స్వీయ ధ్రువీకరణ ఉంది. అంటే మన ఇల్లు ఎలా ఉందో మనమే చెప్పుకోవాలి, వాళ్లు నమ్ముతారు. ఎంత మర్యాదైన పద్ధతి! ఆ తర్వాత ఎవరో ఒకరు వచ్చి చూస్తారు. చెప్పింది అబద్ధమైతే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చవచ్చు. మర్యాద అక్కడితో అయిపోతుంది. కాబట్టి పూలకుండీ కుదరదు.

ఆయన గీసిన ప్లాను చూశాను. పాత ప్లాను ఎవరిదో తెరిచి దాని మీదే గీస్తారనుకుంటాను. మనకు కారు పార్కింగు ఇచ్చాడు. వెనక రెండు కొబ్బరిచెట్లు ఇచ్చాడు. ఇంకుడు గుంత సరిగ్గా జిరాక్సు మెషిన్ కింద పెట్టాడు.

"సార్, ఇక్కడ మెషిన్ ఉంటది."

"అయితే వాన నీళ్లు జిరాక్సు అయి దిగుతయి, ఫికర్ చెయ్యకు" అని, మార్చాడు. కొబ్బరిచెట్లు కూడా తీసేయించాను. కొట్టును ఉన్నది ఉన్నట్టే గీయించాను.

దరఖాస్తు వేసేటప్పుడు మీ ఫోనుకు ఓటీపీ వస్తే, చెప్పమని నేను ఫోన్ చేశాను. "ఉత్తరంలో పంపుతా" అన్నారు. దాని ఆయుష్షు పది నిమిషాలు పెదనాన్నా. నాలుగోసారికి చదివి చెప్పినందుకు ధన్యవాదాలు.

మీరడిగిన నంబరు వచ్చింది. దరఖాస్తు అందినట్టు రసీదు జత చేస్తున్నాను. అది అందినట్టు మాత్రమే. అనుమతి కాదు. ముందు స్థలం వదల్లేదని, సహ యజమాని సంతకం లేదని రెండు లోపాలు చూపించి పక్కన పెట్టారు.

ఇంకో సంగతి. అమ్మను లాగవద్దన్నారు. నేను లాగలేదు. కానీ మీ ఉత్తరాలకు జిరాక్సులు తీసేది అమ్మే. అద్దం మీద బోర్లా పెట్టే ముందు ప్రతి కాగితం చదువుతుంది, అది ఆమె అలవాటు. "కొట్టు గీయకపోతే కొట్టు లేనట్టే" అన్న పేజీ రెండుసార్లు చదివింది. ఏమంటావమ్మా అని అడిగితే, "మీ పెదనాన్నను పేజీకి రెండు దిక్కులా రాయమను, టోనర్ దండుగైతున్నది" అంది. అంతే.

ఇట్లు,
అనుపమ.

---

గోదావరిఖని,
8 జూలై 2025.

చిరంజీవి అనుపమకు,

విషయం: అభినందనలు.
సూచిక: రసీదు నంబరు.

నంబరు చూశాను. పద్నాలుగు అంకెలున్నాయి. మా ఆఫీసులో ఆరు అంకెలతోనే మనిషికి పెన్షన్ వస్తుంది. పక్కన ఆ నల్లటి చుక్కల గడి కూడా ఉంది. ఇక నువ్వు రాసిన లోపాలూ అవీ, గుమస్తాలు తమ ఉద్యోగం ఉందని చూపించుకోవడానికి రాసేవి. నేనూ గుమస్తానే. నాకు చెప్పకు.

శ్రావణం వచ్చేలోపు పిట్టగోడ తీసి పిల్లర్ల పని మొదలుపెట్టమని యూసుఫ్‌గూడ ఐలయ్య మేస్త్రీకి కబురు పంపాను. మీ తాతయ్య ఇల్లు కట్టింది వాళ్ల నాన్నే. రసీదు ఫోటో కూడా పంపాను, ఎవరైనా అడిగితే చూపించమని. టీలు మాత్రం మీరే ఇవ్వాలి.

ఇట్లు,
ఆనందంతో,
రాఘవేందర్.

---

అమీర్‌పేట,
14 జూలై 2025.

పెదనాన్నా,

మీ ఆనందం శుక్రవారం ఉదయం ఏడు గంటలకు నాలుగు గడ్డపారలతో వచ్చింది. నేను పళ్లు తోముకుంటున్నాను. పైనుంచి ఇటుకలు పడుతున్నాయి. అమ్మ కొట్టు షట్టరు సగం ఎత్తి బయటికొచ్చింది.

"ఐలయ్యన్నా, ఏం చేస్తున్నవు?"

"పర్మిషన్ ఒచ్చిందటగద చంద్రికమ్మా! అన్న నంబరు సుత పంపిండు. చూడు, మస్తు పెద్దగున్నది."

"అది రసీదు అన్నా."

"రసీదైతే ఏంది, పైసలు కట్టినంకనే గదా రసీదు ఇస్తరు?"

మీ ఇద్దరూ ఒకే బడిలో చదివారని నాకు తెలియదు. అమ్మ దిగమనే లోపే ముందు వైపు పిట్టగోడ పోయింది. ఎదురింటి వాళ్ల స్కూటరు మీద రెండు ఇటుకలు పడ్డాయి. వాళ్లు అరవలేదు, ఫిర్యాదు చేశారు. మధ్యాహ్నానికి టౌన్ ప్లానింగ్ నుంచి ఒకాయన వచ్చాడు. పైన పగిలిన గోడ చూశాడు. తర్వాత తల కిందికి దించాడు. దించకుండా ఉంటే బాగుండేది. టేపు తీసి కొట్టు కొలిచాడు. పది అడుగుల లోతు. పాత ప్లానులో లేదు. అందులో అయిదడుగులు ఖాళీగా ఉండాల్సిన చోట ఉన్నాయి.

నోటీసు షట్టరుకే అతికించి వెళ్లాడు. అనుమతి లేకుండా మొదలుపెట్టిన పని ఆపాలట. ముందు గది ఎందుకు తొలగించకూడదో పదిహేను రోజుల్లో చెప్పాలట. అంటే ఈ నెల 26 లోపు. ఆ రోజు సాయంత్రం కొట్టుకొచ్చిన పిల్లలందరూ దాన్ని చదివారు. ఒకడు ఫోటో తీసుకుని, "ఆంటీ, వేరే కొట్టు ఏడున్నది?" అని అడిగాడు.

అమ్మ ఏడవలేదు. అన్నం మాత్రం ఒకసారి మాడింది. మీకోసం రెండు గదులు వేద్దామనుకున్నాం, మా ఒక్క గదికి తాళం పడేలా ఉంది. దీనికి విషయం, సూచిక మీరే రాయండి.

అనుపమ.

---

గోదావరిఖని,
17 జూలై 2025.

చిరంజీవి అనుపమకు,

విషయం: నోటీసుకు జవాబు.

జరిగింది తెలిసింది. ఐలయ్య తొందరపడ్డాడు. ఎదురింటివాళ్లు కూడా ఇటుకలకింత గొడవ చేయాల్సింది కాదు.

జవాబు ఇలా రాయి: "ముందు గదిని కీర్తిశేషుడైన నా తమ్ముడు తన వాటాలో, తన ఇష్టప్రకారం కట్టినాడు. దానితో నాకు ఎట్టి సంబంధమూ లేదు. నా దరఖాస్తును దానికి ముడిపెట్టకుండా పరిశీలించగలరు." నేను సంతకం చేసి స్పీడ్ పోస్టులో పంపుతాను. నా కాగితమన్నా బయటపడుతుంది. కొట్టు సంగతి తర్వాత మెల్లగా చూద్దాం. నాకు మార్చి తర్వాత క్వార్టరు ఉండదు, అది కూడా మీరు ఆలోచించాలి.

ఇట్లు,
రాఘవేందర్.

---

అమీర్‌పేట,
21 జూలై 2025.

బావగారికి చంద్రిక నమస్కారాలు.

అనుపమ జవాబు రాయనంది. రెండు రోజులుగా కోపంగా ఉంది. అందుకని నేను రాస్తున్నాను. నాకు విషయం, సూచిక రాయడం రాదు.

మీరు రాయమన్న జవాబున్న కాగితం జిరాక్సు తీశాను. ఆ జవాబు మాత్రం రాయలేదు. ఆయన కట్టిన గదితో మీకు సంబంధం లేదని రాశారు. ఆ గది పునాదికి ఇసుక మోసింది మీరూ ఆయనా కలిసే. సాయంత్రం నేను మీ ఇద్దరికీ టీ ఇచ్చాను. ఆ సంగతి మున్సిపల్ ఆఫీసుకు తెలియదు కానీ నాకు తెలుసు.

మొన్ననే ఐలయ్యను పిలిపించాను. పడగొట్టినవాడివి నువ్వే, సరిచేసేది కూడా నువ్వేనని చెప్పాను. కూలి అడగలేదు. కొట్టు ముందు గోడ అయిదడుగులు వెనక్కి జరిపించాను. షట్టరు తీసి లోపలికి పెట్టాం. పది అడుగుల కొట్టు అయిదడుగులైంది. మెషిన్ అడ్డంగా తిప్పితే పట్టింది. కుర్చీ పట్టలేదు. నేను నిలబడే చేస్తాను. ఫోటోలు తీసి, జవాబు రాయించి, ప్రమోద్ గారి చేత ఇవాళే దాఖలు చేయించాను. మిగిలిన గదిని కూడా మీ దరఖాస్తు ప్లానులో చూపించి, కట్టాల్సింది కడితే నిలబడుతుందన్నాడు.

ఆ ప్లాను మీద నా సంతకం కావాలి. నేనిప్పుడే పెట్టను.

ముందు వాకిట్లో గీసిన గీతను రిజిస్ట్రారు ఆఫీసులో రాయించండి. మీ సగం మీది, నా సగం నాదని. అలా రాయిస్తే నా సంతకం మీకు ఇంకెప్పుడూ అవసరం పడదు, మీ సగం పైన మీరు ఎన్ని గదులకైనా అనుమతి అడగొచ్చు. రాయించకపోతే నా సంతకం ఉండదు. నేను మిమ్మల్ని ఇంట్లోకి రావద్దనడం లేదు. గదులు పూర్తయ్యేదాకా కింద మీ సగంలో ఉండండి, వంట నా దగ్గరే. కానీ రేపు ఇంకెవరో వచ్చి ఇది ఎవరిదని అడిగితే, నేను సున్నం చూపించలేను.

ఇట్లు,
చంద్రిక.

---

గోదావరిఖని,
25 జూలై 2025.

చంద్రికకు,

నీ ఉత్తరం అందింది. ఆఫీసులో చదివాను. మధ్యలో ఇద్దరు వచ్చి హాజరు రాయమంటే, ఒకడిది ఇంకొకడి పేరు మీద రాశాను. ముప్పై నాలుగేళ్లలో ఇది మొదటిసారి.

పంచుకున్న ఏడాదే తమ్ముడు రిజిస్టర్ చేద్దామన్నాడు. అన్నదమ్ముల మధ్య కాగితమేమిటని నేను నవ్వాను. వాడూ నవ్వి ఊరుకున్నాడు. నిజం రాస్తున్నాను. కాగితం లేకపోతే ఎప్పటికైనా మొత్తం ఇల్లు పెద్దవాడి మాట మీదే నడుస్తుందని నాకు లోపల ఉండేది. ఏటా సున్నం పూయడానికి వచ్చేది కూడా అందుకే. గీత గీసేది నేనైతే, జరిపేది కూడా నేనే కదా. జరపలేదు. కానీ జరపగలనని తెలియడం నాకు బాగుండేది. ఈ నాలుగు వాక్యాలు రాయడానికి రెండు రోజులు పట్టింది.

సోమవారానికి రిజిస్ట్రారు ఆఫీసులో స్లాటు తీసుకున్నాను. ముసాయిదా జత చేశాను. మెట్లు నా వైపు పడ్డాయి. పైన బట్టలు ఆరేసుకోవడానికి నీకు దారి కావాలి కాబట్టి మెట్లు ఉమ్మడి అని ఒక వాక్యం చేర్చాను. నచ్చనిచోట గీత కొట్టు, మళ్లీ రాయిస్తాను.

అనుపమతో మాట్లాడమని చెప్పు. నేను ఫోన్ చేస్తాను. ఎత్తమను.

రాఘవేందర్.

---

అమీర్‌పేట,
30 జూలై 2025.

పెదనాన్నా,

మీరు ఫోన్ చేస్తే నేను ఎత్తాను, నమోదు చేసుకోండి. అయినా ఉత్తరం రాస్తున్నాను. మీరు అంటించిన అలవాటు.

పంపకాల దస్తావేజు సర్టిఫైడ్ కాపీ వచ్చింది. అమ్మ దానికి అయిదు జిరాక్సులు తీసి ఒకటి బియ్యం డబ్బాలో కూడా పెట్టింది. నిన్న టౌన్ ప్లానింగ్ ఆయన మళ్లీ వచ్చి, అయిదడుగులు కొలిచి, తల ఊపి వెళ్లాడు. నోటీసు చింపడానికి రాలేదు, జిగురు అంత గట్టిది. నీళ్లు పోసి గోకాల్సి వచ్చింది. చట్టం ప్రకారం ఖాళీగా ఉండాల్సిన ఆ అయిదడుగుల్లో ఇప్పుడు కోచింగు పిల్లలు వరసగా నిలబడుతున్నారు. ఇంతకు ముందు రోడ్డు మీద నిలబడేవాళ్లు. గిరాకీ పెరిగినట్టు కనబడుతోందని అమ్మ లోపల సంతోషంగానే ఉంది, బయటికి మాత్రం కాళ్ల నొప్పులంటోంది.

మిగిలిన కొట్టుకు అమ్మ పేరున వేరే దరఖాస్తు పెట్టి, మీ గదుల ప్లాను ప్రమోద్ గారు మళ్లీ గీస్తున్నాడు. ఈసారి మీకు లిఫ్టు ఇచ్చాడు. తీసేయమన్నాను.

సోమవారం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టేటప్పుడు మీ చెయ్యి రెండుసార్లు ఆగింది. పెన్ను రాయడం లేదని అందరి ముందూ విసుక్కున్నారు. ఆ పెన్ను నాది పెదనాన్నా. ఈ ఉత్తరం దానితోనే రాశాను.

మీ,
అనుపమ.